కర్త ఎక్కడున్నాడు?

నామవాచకం అంటే ఏమిటని మన దేశంలో ఏ బడిపిల్లాణ్ని నిద్రలేపి అడిగినా ఠక్కున చెప్పేస్తాడు: మనిషి పేరు, ఊరి పేరు, వస్తువు పేరు. కాస్త చురుకైన వాడైతే రకాలు కూడా ఏకరువు పెడతాడు. ప్రాపర్ నౌన్, కామన్ నౌన్, కలెక్టివ్ నౌన్, అబ్‌స్ట్రాక్ట్ నౌన్. ఉదాహరణలు కూడా తరతరాలుగా అవే: రాముడు, నగరం, సైన్యం, నిజాయితీ. ఈ నాలుగు గదుల్లో మాటల్ని సర్దేస్తే పాఠం అయిపోతుంది, పరీక్షలో మార్కులు పడతాయి. ఆ మాటలు వాక్యంలోకి వెళ్లి ఏ పని చేస్తాయన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు.

పన్నెండేళ్ల విలేకరి ఉద్యోగంలో నా చేతుల మీదుగా వెళ్లిన కాగితాలు తక్కువేమీ కాదు. ప్రభుత్వ ఉత్తర్వులు, పోలీసు ప్రకటనలు, భూసేకరణ నోటీసులు, కోర్టు తీర్పులు. వీటిలో చాలా భాగం ఇంగ్లిషులోనే పుడతాయి. వాటిని తెలుగు చేయడానికి కూర్చున్న ప్రతిసారీ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ పని ఎవరు చేశారు? ఎవరికి జరిగింది? జవాబు దొరికితే వార్త తయారైనట్టే. దొరకలేదంటే, చాలా సందర్భాల్లో దొరక్కుండా ఎవరో వాక్యాన్ని అలా అల్లారని అర్థం.

రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదివిన రెండేళ్లూ అధికారం గురించి హాబ్స్ నుంచి గ్రాంసీ దాకా పాఠాలు విన్నాను. అధికారం వాక్యంలో ఏ మూల దాక్కుంటుందో మాత్రం హైస్కూలు వ్యాకరణమే చెప్పింది. అదీ బడి వదిలిన చాలా ఏళ్లకు.

కుక్క, మనిషి, వార్త

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారు విభక్తులు పాడించేవారు. డు, ము, వు, లు ప్రథమ. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయ. వరసగా ఏడు. మధ్యాహ్నం పూట ఆ వరండాలో నడిచేవారికి లోపల భజన జరుగుతోందేమో అనిపించేది. తర్వాతి పీరియడ్లో ఇంగ్లిషు మాస్టారు రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పట్టుకుని వచ్చేవారు. 1930ల్లో వెలువడి ఇప్పటికీ అచ్చవుతున్న పుస్తకం అది. ఆ ఇద్దరు రచయితల్లో ఒకరైన పి.సి. రెన్ 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నాడని చాలాకాలం తర్వాత తెలిసింది. అంత ఉత్కంఠగా కథ నడిపిన మనిషి నామవాచకాల పాఠాన్ని అంత పొడిపొడిగా ఎలా రాశాడా అని ఆశ్చర్యపోయాను.

ఆ రెండు క్లాసులకూ మధ్య పెద్ద గోడ ఉండేది. ఆ గోడకు ఒక కిటికీ పెట్టి ఉంటే మాకు సగం ఇంగ్లిషు అక్కడే వచ్చేసేది. ఎందుకంటే తెలుగులో నామవాచకం ఏ పని చేస్తోందో దాని తోక చెబుతుంది. ‘కుక్క మనిషిని కరిచింది’ అన్నా, ‘మనిషిని కుక్క కరిచింది’ అన్నా గాయం మనిషికే. ‘ని’ ఎటు వెళ్తే దెబ్బ అటు వెళ్తుంది. ఇంగ్లిషులో నామవాచకాలకు ఇలాంటి తోకలు లేవు. హి, హిమ్ లాంటి సర్వనామాల్లో కొన్ని మిగిలాయంతే. అక్కడ కూర్చున్న కుర్చీని బట్టే ఉద్యోగం. మామూలు వాక్యంలో క్రియకు ముందున్నది కర్త, తర్వాతున్నది కర్మ. ‘డాగ్ బైట్స్ మ్యాన్’ను తిరగేస్తే ‘మ్యాన్ బైట్స్ డాగ్’ అవుతుంది. మొదటిది వార్త కాదు, రెండోదే వార్త అని పత్రికల్లో చేరిన ప్రతివాడికీ తొలిరోజుల్లోనే చెబుతారు. మాటల స్థానం మారిస్తే నేరస్థుడు మారిపోయే భాష గురించి అంతకంటే మంచి పాఠం లేదు.

ఇంగ్లిషు వాక్యంలో నామవాచకానికి ఉన్న ముఖ్యమైన ఉద్యోగాలు ఏడెనిమిదికి మించవు. కర్తగా ఉండటం. కర్మగా ఉండటం. ఇచ్చింది పుచ్చుకునే గ్రహీతగా ఉండటం. ‘ఇన్’, ‘బై’, ‘ఆఫ్’ లాంటి ప్రిపొజిషన్ వెనుక నిలబడటం. ‘ఈజ్’ లాంటి క్రియ తర్వాత చేరి కర్త ఎవరో, ఏమిటో చెప్పే పూరకం కావటం. పక్కనే చేరి అదే వ్యక్తిని మరో పేరుతో పరిచయం చేయటం. ఇక మరో నామవాచకం ముందు విశేషణంలా అతుక్కోవటం. ‘ద కలెక్టర్ గేవ్ ద ఫార్మర్ ఎ నోటీస్’ అన్న వాక్యంలో మూడు నామవాచకాలూ కామన్ నౌన్లే. ఒకే గదిలోవే. కానీ ఒకరు ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకునేవారు, ఒకటి చేతులు మారేది. రకం తెలిసినంత మాత్రాన ఈ సంబంధం తెలియదు. ఊళ్లో మనుషుల కులం, వృత్తి చెప్పి, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో చెప్పకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

రకాలకు విలువ లేదని కాదు. ఏది లెక్కించాలి, ఏది కొలవాలి అన్న విషయంలో రెండు భాషలకూ అసలు పొంతన లేదు. ఇంగ్లిషులో మిల్క్, వాటర్, రైస్ ఏకవచనాలు. మనకు పాలు విరిగిపోతాయి, నీళ్లు మరుగుతాయి, బియ్యం నిండుకుంటాయి. న్యూస్ ఇంగ్లిషులో ఏకవచనం, వార్తలు మనకు బహువచనం. పోలీస్ అన్న మాట అక్కడ చూపులకు ఏకవచనం, క్రియ దగ్గర బహువచనం. మన విద్యార్థులు ‘ఫర్నిచర్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అని రాస్తే టీచర్లు ఎర్రసిరాతో సున్నా చుడతారు. ఆ పిల్లలు రాసింది తెలివితక్కువతనంతో కాదు. వాళ్ల సొంత భాషలో లెక్క అలాగే ఉంటుంది. ఆ సంగతి చెప్పి సరిదిద్దితే ఒక్కరోజులో పోయే తప్పు, చెప్పకపోవడం వల్ల జీవితాంతం వెంటాడే సిగ్గుగా మిగులుతోంది.

కాల్పులు ‘జరిగాయి’

హైదరాబాద్‌లో నా తొలి ఉద్యోగం డెస్కులో. వార్తాసంస్థల ఇంగ్లిషు కాపీలను తెలుగు చేయడం పని. మా సీనియర్ సబ్ ఎడిటర్ ఒకాయన ‘బడు’ అన్న మాట కనిపిస్తే చాలు, అగ్గి మీద గుగ్గిలం అయ్యేవారు. చంపబడ్డారు, గాయపరచబడ్డారు, నిర్ణయించబడింది. ‘బాబూ, తెలుగువాడు అన్నం తింటాడు, వాడిచేత అన్నం తినబడదు’ అనేవారు. అందరూ నవ్వేవాళ్లం. అది శైలికి సంబంధించిన పట్టింపు అనుకునేవాణ్ని. అందులో అంతకంటే పెద్ద విషయం ఉందని నెమ్మదిగా అర్థమైంది.

‘త్రీ పర్సన్స్ వర్ కిల్డ్ ఇన్ పోలీస్ ఫైరింగ్.’ దేశంలో ఏ మూల ఏ ఏడాది కాల్పులు జరిగినా ఇంగ్లిషు కాపీ దాదాపు ఇలాగే మొదలవుతుంది. ఈ వాక్యంలో కర్త ఎవరు? ముగ్గురు మనుషులు. వాళ్లు ఏమీ చేయలేదు, చనిపోయారంతే. అయినా కర్త కుర్చీలో వాళ్లే ఉన్నారు. తుపాకీ పేల్చింది పోలీసులు. వాళ్లు ఎక్కడున్నారు? ‘ఫైరింగ్’ అనే నామవాచకానికి ముందు విశేషణంలా అతుక్కుని ఉన్నారు. ఆ ఫైరింగ్ కూడా ‘ఇన్’ అనే ప్రిపొజిషన్ వెనుక ఉంది. అంటే కాల్చడం అనే పని ముందుగా ఒక వస్తువుగా మారింది. ఆ తర్వాత మనుషులు అందులో పడి చనిపోయినట్టు తయారైంది, వరదలో కొట్టుకుపోయినట్టు. ఇక మర్నాటి కాపీలో ‘పోలీస్’ అన్న విశేషణం కూడా రాలిపోతే ‘ఫైరింగ్’ ఒక్కటే మిగులుతుంది.

క్రియను నామవాచకంగా మార్చే ఈ పద్ధతి ఇంగ్లిషు పాలనాభాషకు ప్రాణం. డిసైడ్ చేసినవాడు ఉంటాడు, డెసిషన్‌కు ఉండనక్కర్లేదు. ఎవిక్ట్ చేసినవాడు ఉంటాడు, ఎవిక్షన్ మాత్రం దానంతటదే పూర్తవుతుంది. భావ నామవాచకం అనగానే మనకు బడిలో నిజాయితీ, దయ, ధైర్యం చెప్పారు. ప్రభుత్వ కాగితాల్లో తిరిగే భావ నామవాచకాలు వేరు. సేకరణ, తొలగింపు, రద్దు, స్వాధీనం. వీటిలో ప్రతిదాని వెనుకా ఒక మనిషి, ఒక సంతకం ఉంటాయి.

ఇదంతా ఇంగ్లిషు చేసే మాయ అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే. తెలుగుకు ‘బడు’ అక్కర్లేదు, ‘జరుగు’ ఉంది. కాల్పులు జరిగాయి. లాఠీచార్జి జరిగింది. తప్పు జరిగింది. వర్షం కురిసినంత సహజంగా ఇవన్నీ జరిగిపోతాయి. మన హెడ్డింగులు చూడండి. ‘కాల్పుల్లో ముగ్గురి మృతి’, ‘పదిమంది అరెస్టు’, ‘ఇళ్ల కూల్చివేత’. క్రియ లేదు, కర్త లేడు. చోటు చాలదన్నది సాకు కొంత, నిజం కొంత. ‘కాల్చారు’ అన్న ఒక్క మాటకు పట్టే చోటు ‘కాల్పులు’ అన్న మాటకూ పడుతుంది. పైగా తెలుగు క్రియకు ఒక సుగుణం ఉంది. కర్తను చెప్పకపోయినా ‘కాల్చారు’ అనగానే చేసింది మనుషులని, ఒకరు కాదని, లేదా గౌరవించాల్సిన ఒకరని తెలిసిపోతుంది. క్రియను బతకనిస్తే చాలు, కర్త ఆనవాలు మిగులుతుంది.

జనం మాత్రం భాషావేత్తల కోసం ఆగలేదు. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లిషులో దానికి ఎదురుపడటం అని అర్థం. రెండు పక్షాలూ సమానం. ఎవరు ఎవర్ని వెతుక్కుంటూ వెళ్లారో అందులో లేదు. దశాబ్దాలుగా ఆ మాట వింటున్న తెలుగువాళ్లు దానికి ‘చేయు’ తగిలించారు. ‘ఫలానావాణ్ని ఎన్‌కౌంటర్ చేశారు’ అంటారు. కర్త తిరిగి వచ్చాడు. ‘ని’ తగిలిన కర్మ కూడా వచ్చింది. టీ కొట్టు దగ్గర మాట్లాడుకునే ఈ వాక్యంలో ఉన్న స్పష్టత అధికార ప్రకటనల్లో ఉండదు. ఎన్‌కౌంటర్ మరణాల మీద తప్పనిసరిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, స్వతంత్ర దర్యాప్తు జరిపించాలని సుప్రీంకోర్టు 2014లో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ సమీపంలో నలుగురు నిందితులు చనిపోయిన ఘటనపై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని ఆ నివేదిక తేల్చింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, న్యాయవిచారణ చేసే మొదటి పని నామవాచకాన్ని విప్పి మళ్లీ క్రియగా మార్చడం, దాని ముందు కర్తను నిలబెట్టడం.

ఒక్క మాట, ఒక కుటుంబం

గోదావరి జిల్లాల్లో ఒక పథకం కోసం భూములు తీసుకుంటున్న గ్రామానికి వెళ్లినప్పుడు పంచాయతీ అరుగు మీద ఒక ఇంగ్లిషు కాగితం నాకు చూపించారు. భూములున్నవాళ్లు తమ సర్వే నంబర్లు వెతుక్కుంటున్నారు. కాస్త దూరంగా నిలబడిన ఒక కూలీ మనిషి, అరవై దాటి ఉంటాయి, నన్ను పక్కకు పిలిచింది.

‘బాబూ, నాకు సెంటు భూమి లేదండి. కానీ ఈ చేలల్లోనే నాట్లేసి బతికానండి. చేలు పోతే నా పనీ పోద్ది కదండీ. ఆ కాయితంలో మాలాంటోళ్ల ఊసేమన్నా ఉందాండి?’

‘మీ పేరు లేదు పెద్దమ్మా. మీ సంగతి మాత్రం ఉంది’ అన్నాను.

ఉన్నది రెండు మాటలు: ‘ఎఫెక్టెడ్ ఫ్యామిలీ’. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రధానంగా ‘పర్సన్ ఇంటరెస్టెడ్’ చుట్టూ తిరిగేది. అంటే పరిహారంలో తనకు వాటా ఉందని చెప్పుకోగల వ్యక్తి. ఆచరణలో పట్టా ఉన్నవాడికే అది పలికేది. 2013లో చేసి 2014 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త చట్టం పక్కనే బాధిత కుటుంబం అనే నామవాచకాన్ని చేర్చింది. భూమి కోల్పోయినవాళ్లతో పాటు ఆ ప్రాంతంలో పనిచేసే వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, పాలుకు సాగుచేసేవాళ్లు, చేతివృత్తులవారు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. ప్రధాన జీవనాధారం దెబ్బతినాలి, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ ఉండాలి. వ్యక్తి స్థానంలో కుటుంబం, హక్కు స్థానంలో బతుకు వచ్చాయి. కానీ అధికారులు తయారుచేసిన తొలి జాబితాలో ఉన్నవన్నీ పట్టాదారుల పేర్లే. చట్టంలో ఉన్న జాతినామవాచకం జాబితాలో సంజ్ఞానామవాచకంగా మారితే తప్ప ఎవరికీ రూపాయి రాదు. బాధిత కుటుంబం అన్న మాట కాస్తా ఆమె పేరు కావాలి.

ఊళ్లో డిగ్రీ చదివిన కుర్రాళ్లు ఇద్దరు ఆ నిర్వచనాన్ని తెలుగులో రాసి, కూలీలందరి చేతా అర్జీలు పెట్టించారు. కొన్ని నెలల తర్వాత వచ్చిన రెండో జాబితాలో ఆ పెద్దమ్మ పేరు ఉంది. ఆమె పక్కింటి కౌలుదారు పేరు లేదు. అతను ఆ ఊరికి వచ్చి రెండేళ్లే అయింది. ఒక నామవాచకం తలుపు తెరిచింది, దానికి తగిలించిన షరతు అదే తలుపును మరొకరి ముఖాన వేసింది. పెద్దమ్మ సంతోషించలేదు. ‘ఆడు నాకంటే ఎక్కువే పోగొట్టుకున్నాడండి’ అంది.

అడవిలోనూ ఇదే కథ. పోడు చేసుకునే గిరిజనుణ్ని దశాబ్దాల పాటు అటవీ రికార్డులు ‘ఎన్‌క్రోచర్’ అన్నాయి, ఆక్రమణదారు అని. ఆక్రమణలను తొలగించాలంటూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2002 మేలో రాష్ట్రాలకు లేఖ రాసింది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం అదే మనిషిని ‘ఫారెస్ట్ డ్వెల్లర్’ అంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉంటే హక్కు ఉందంది. భూమి మారలేదు, మనిషి మారలేదు, నాగలి కూడా మారలేదు. పేరు మారింది. ఆక్రమణదారును ఖాళీ చేయిస్తారు, నివాసికి పట్టా ఇస్తారు. పేరు మారినంత మాత్రాన అంతా అయిపోలేదన్నది కూడా నిజమే. క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించి, ఆ నెలాఖరులోనే ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. అంటే నివాసి ఏ క్షణంలోనైనా మళ్లీ ఆక్రమణదారు కాగలడు.

ఆశా కార్యకర్తల సంగతి మరీ విచిత్రం. ఆ పేరులోని చివరి ఇంగ్లిషు అక్షరం ‘యాక్టివిస్ట్’కు సంక్షిప్తం. 2005లో పథకం మొదలైనప్పటి నుంచీ అధికారికంగా వాళ్లు వర్కర్లు కాదు. వర్కర్‌కు జీతం ఇవ్వాలి, యాక్టివిస్ట్‌కు ప్రోత్సాహకం ఇస్తే సరిపోతుంది. ఇక్కడా జనం ఒప్పుకోలేదు. ఊళ్లన్నీ ‘ఆశా వర్కర్’ అనే పిలుస్తాయి. 1975లో మొదలైన అంగన్‌వాడీ కేంద్రాల్లో పనిచేసేవారికి పేరులో వర్కర్ అని ఉన్నా, వచ్చేది ‘ఆనరేరియం’, గౌరవ వేతనం. ఆ మాటలో గౌరవం ఎంతో, వేతనం ఎంతో అందుకునేవాళ్లకే తెలుసు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. పేరు ఏం పెట్టినా, చేస్తున్న పనిని, అందుకు ఇస్తున్న డబ్బును చూడాలని కోర్టు గుర్తించింది.

గుంపులో ప్రతి ఒక్కడూ

సమూహ నామవాచకానికి బడిలో సైన్యం, మంద, జట్టు ఉదాహరణలు. విలేకరికి రోజూ తగిలేది మూక. ‘మాబ్’ అన్న ఒక్క ఇంగ్లిషు మాట కర్త స్థానంలో చేరిందంటే కేసు సగం పోయినట్టే. మూక కొట్టింది. మూక తగలబెట్టింది. మూకకు పేరు లేదు, చిరునామా లేదు, కాబట్టి శిక్షా లేదు. 2018 జూలైలో మూకదాడుల మీద తీర్పు ఇస్తూ, ఇందుకు ప్రత్యేక నేరాన్ని రూపొందించాలని సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ రెండో ఉపవిభాగంలో ఆ నేరం ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే అందులో మాబ్ లేదు, లించింగ్ లేదు. ఐదుగురు లేదా అంతకు మించిన వ్యక్తుల బృందం కలసికట్టుగా కులం, సముదాయం, భాష వంటి కారణాలతో హత్య చేస్తే అన్నంతవరకే బృందం ప్రస్తావన. శిక్ష దగ్గరికి వచ్చేసరికి ఆ బృందంలోని ‘ప్రతి సభ్యుడూ’ అని వాక్యం మలుపు తిరుగుతుంది. సమూహ నామవాచకం ఒక్కొక్క మనిషిగా విడిపోయింది. గుంపు అన్న మాటను శిక్షించడం సాధ్యం కాదన్న ఇంగితం అది.

కొందరు న్యాయవాదులకు లించింగ్ అన్న మాట లేకపోవడం లోటుగా తోస్తుంది. పేరు పెట్టకపోతే లెక్క తేలదన్నది వాళ్ల వాదన. కొట్టిపారేయాల్సిన వాదన కాదది. పేరు లేని నేరాన్ని విడిగా లెక్కించడం కష్టమే. కానీ ఒక విలేకరిగా నాకు ఆ ‘ప్రతి సభ్యుడూ’ అన్న మాటే ఎక్కువ పనికొస్తుంది. ‘మూక దాడి’ అని రాసి ఊరుకోకుండా, ఎవరెవరున్నారు అని అడిగే అవకాశం అక్కడ దొరుకుతుంది.

ఒకే వాక్యంలో దేశం

ఇంగ్లిషు నామవాచకాల పాఠం చెప్పడానికి నన్నెవరైనా పిలిస్తే నేను తీసుకెళ్లే వాచకం రాజ్యాంగ పీఠిక. 1949 నవంబరు 26న ఆమోదించిన ఆ పీఠిక మొత్తం ఒకే వాక్యం. కర్త ‘వుయ్’, మేము. ఎవరీ మేము అని అడగకముందే పక్కన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ చేరి పరిచయం చేస్తుంది. చివరికి వచ్చేసరికి ఈ రాజ్యాంగాన్ని ఇచ్చుకుంటున్నది కూడా మాకు మేమే. కర్తా మనమే, గ్రహీతా మనమే. ఏ రాజూ, ఏ బ్రిటిష్ పార్లమెంటూ మధ్యలో లేవు. ప్రజాస్వామ్యం గురించి నేను ఎం.ఏ.లో చదివిన లావుపాటి పుస్తకాలు చెప్పిందంతా ఆ రెండు స్థానాల్లో ఉంది.

మధ్యలో నాలుగు భావ నామవాచకాలున్నాయి: న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. పిల్లలు వీటిని ఒక్క ఊపులో చదివేస్తారు. వ్యాకరణం చూస్తే ఇవి ఒకే క్రియకు కర్మలు కావు. మొదటి మూడూ ‘సెక్యూర్’ అన్న క్రియకు కర్మలు. వాటిని పౌరులందరికీ సమకూర్చాలి. నాలుగోదానికి క్రియ మారింది, ‘ప్రమోట్’. దాన్ని పౌరుల మధ్య పెంపొందించాలి. న్యాయం కోర్టులో అడగొచ్చు, స్వేచ్ఛకు రిట్ వేయొచ్చు. పక్కింటివాడు నన్ను సోదరుడిగా చూడాలని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఒక క్రియ తేడాతో ఎంత దూరం ఆలోచించారో చూడండి. 1976లో 42వ సవరణ ఇందులో రెండు విశేషణాలను, ఒక నామవాచకాన్ని చేర్చింది. సోషలిస్ట్, సెక్యులర్ అన్న విశేషణాల మీద అరవకుండా మన రాజకీయం ఒక్క ఏడాది గడపలేదు. ‘ఇంటెగ్రిటీ’, సమగ్రత అన్న నామవాచకం కూడా అదే రోజు వచ్చిందని గుర్తున్నవాళ్లు తక్కువ.

మొదటి అధికరణంలో ఇండియా కర్త, భారత్ దాని పక్కన పరిచయ పదం, ‘యూనియన్ ఆఫ్ స్టేట్స్’ పూరకం. ఈ మూడు కుర్చీల చుట్టూ ఇప్పటికీ పోట్లాటే. 2023 సెప్టెంబరులో జి20 విందు ఆహ్వానాల మీద ‘ప్రెసిడెంట్ ఆఫ్ భారత్’ అని కనిపించగానే దేశం పేరు మారుస్తున్నారా అని దుమారం రేగింది. పక్కన ఉండాల్సిన పదం ఒంటరిగా ముందుకొచ్చింది, అంతే తేడా. పూరకం మీద గొడవ ఇంకా పాతది. ఫెడరేషన్ అనకుండా యూనియన్ అని ఎందుకన్నారో 1948 నవంబరు 4న అంబేద్కర్ రాజ్యాంగ సభకు వివరించారు. ఈ దేశం రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే ఏర్పడింది కాదు కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదన్నది ఆయన సమాధానం. అదే యూనియన్ అన్న మాటను 2021లో అధికారంలోకి వచ్చిన డీఎంకే ప్రభుత్వం మరోలా పట్టుకుంది. ‘కేంద్ర ప్రభుత్వం’ అనడం మాని తమిళంలో ‘ఒండ్రియ అరసు’, యూనియన్ ప్రభుత్వం అనడం మొదలుపెట్టింది. రాజ్యాంగంలో ఉన్న మాటే కదా అంది. ఒకే నామవాచకం ఒకచోట కట్టిపడేసే తాడు, మరోచోట దూరం కొలిచే తాడు.

బడిలో ఏం చెప్పాలి

తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిషు మీడియం మీద వాదం వచ్చినప్పుడల్లా రెండే పక్షాలు కనిపిస్తాయి. తల్లిభాష చచ్చిపోతుందనేవాళ్లు, ఇంగ్లిషు లేకపోతే బతుకు లేదనేవాళ్లు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారీ బడుల్లో ఇంగ్లిషు మీడియం తెస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలుపెట్టింది. ఈ వాదనలో తల్లిదండ్రుల పక్షం నాకు తేలిగ్గానే అర్థమవుతుంది. పంచాయతీ అరుగు మీద ఆ కాగితం ఇంగ్లిషులో ఉన్నంతకాలం తమ పిల్లకు అది చదవడం రావాలని ఏ కూలీ అయినా కోరుకుంటుంది. అర్థం కానిది, ఏ మీడియంలో చెప్పినా ఆ చదువు నాలుగు గదుల దగ్గరే ఎందుకు ఆగిపోతోందన్నది.

ప్రైవేటు ఇంగ్లిషు మీడియంలో ఆరో తరగతి చదివే మా అక్క కొడుకు వర్క్‌బుక్ చూశాను. పది వాక్యాల్లో భావ నామవాచకాల కింద గీత గీయమన్నారు. వాడు రెండు నిమిషాల్లో గీసేశాడు. ‘ఇందులో పని చేసిందెవర్రా?’ అని ఒక వాక్యం చూపించాను. ‘అది అడగలేదు మామయ్యా’ అన్నాడు. నిజమే, అడగలేదు. మరి వాడికే ఒక కరెంటు బిల్లు వెనుక అచ్చువేసిన షరతులు ఇచ్చి, ‘డిస్‌కనెక్షన్’ అన్న మాట ఎవరు చేసే పనో, ఎవరికి జరిగే పనో చెప్పమన్నాను. పావుగంట తలపట్టుకుని, ‘కరెంటు వాళ్లు తీసేస్తారు, మనకి తీసేస్తారు’ అని తెలుగులో చెప్పాడు. వాక్యాన్ని విభక్తితో సహా పట్టుకున్నాడు. తెలుగు మాస్టారి ‘కి’, ఇంగ్లిషు మాస్టారి నౌన్ వాడి నోట్లో మొదటిసారి కలిశాయి.

ఇందుకు కొత్త పుస్తకాలు అక్కర్లేదు, కొత్త ఉత్తర్వులు అంతకంటే అక్కర్లేదు. రేషన్ కార్డు రద్దు నోటీసు, బ్యాంకు వేలం ప్రకటన, ఆసుపత్రి సమ్మతి పత్రం, మొన్నటి పేపర్లో ఒక హెడ్డింగు. వీటిలో ఏదో ఒకటి బల్ల మీద పెట్టి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఇందులో క్రియ కావాల్సిన నామవాచకం ఏది? దాని కర్త ఎవరు? వాక్యంలో ఆ కర్తకు చోటిచ్చారా, లేదా? మూడో ప్రశ్నకు లేదని జవాబు వచ్చిన పిల్ల మర్నాడు తహసీల్దారు కార్యాలయంలో నిలబడి, ‘ఇది ఎవరు నిర్ణయించారు సార్?’ అని అడగగలదు. ఆ ప్రశ్న వేయడానికి ఆమెకు పెద్ద ఇంగ్లిషు కూడా అవసరం లేదు.